గొట్టానికి బొట్టు

ఆ రోజుల్లో మా తిరుపతిలో సొంతానికి స్కూటరు ఉన్నవాళ్లనే వీధిలో వేలు పెట్టి చూపించేవాళ్లు. అట్లాంటి ఊళ్లో మాకు విమానం ఉండేదంటే, నేను చెప్తుంటే రాసుకుంటున్న నువ్వే కలం ఆపి నవ్వుతున్నావు చూడు. నవ్వుకో, కానీ రాయి. పూర్తి విమానం కాదులే, మూడో వంతు. ఏ మూడో వంతు అని మా వీధి ఆడవాళ్లు అడిగేవాళ్లు, ముందుదా, నడిమిదా, తోకా అని. తోకే అని చెప్పేదాన్ని. ఎందుకంటే మాకు కష్టమంతా ఆ తోకతోనే వచ్చింది.

అది పుష్పక్ అనే రకం. మద్రాసులో పిల్లలకు విమానం నేర్పించీ నేర్పించీ అరిగిపోయాక అమ్మకానికి పెడితే, మా లారీ మామ పాత లారీ బేరం చేసినట్టు బేరం చేసి తెచ్చి, రేణిగుంట విమానాల మైదానంలో పెట్టాడు. గుడ్డ తొడిగిన రెక్కలు, పక్కపక్కన రెండు సీట్లు. (పురాణంలో పుష్పకానికి ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు ఉంటుందట. మా దాంట్లో ఇద్దరెక్కితే మూడో మనిషి టిఫిన్ డబ్బాకి కూడా చోటు లేదు.) ఇప్పటి విమానాలకు ముక్కు కింద చిన్న చక్రం ఉంటుంది, దీనికేమో తోక కింద. అందుకని నేల మీద నిలబడితే మూతి పైకెత్తి ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది, లోపల కూర్చున్నవాళ్లకు ఎదర ఏముందో కనపడదు. పాములాగా వంకర్లు తిప్పుతూ, ఈ పక్క ఒకసారి ఆ పక్క ఒకసారి తొంగి చూసుకుంటూ నడపాలి. దిగేటప్పుడు ఇంకా కష్టం. చక్రాలు నేలకు తగిలాక కాళ్లు ఒక్క క్షణం ఏమరితే, తోక నేను ముందు పోతానని గిర్రున తిరుగుతుంది. తోకతో పాటు మనమూ తిరుగుతాం.

భాగస్తులు ముగ్గురు. ఒకరు మా నాయన, గుడి ఆఫీసులో ఉద్యోగం, మెల్లగా మాట్లాడే మనిషి. రెండోవాడు అమ్మ తమ్ముడు లారీ మామ. ఇంట్లో అందరూ దేవుడి సేవలో ఉంటే, వాడొక్కడే రేణిగుంటలో లారీలు పెట్టుకున్నాడు. మూడో ఆయన కెప్టెన్ సారు, మద్రాసాయన, విమానాలు నడిపి రిటైరైనవాడు. ఆయనే మాకు గురువు. నాయనకు నేర్చుకోవాలని ప్రాణం కొట్టుకునేది, కానీ డాక్టరు ఆయన కళ్లు చూసి కుదరదన్నాడు. ఆ సాయంత్రం నాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, నా బదులు నువ్వు నేర్చుకో పాపా అన్నాడు. అప్పుడే బడిలో లెక్కల టీచరుగా చేరాను. సరేనన్నాను. ఏం ఒప్పుకున్నానో అర్థమయ్యేసరికి గాల్లో ఉన్నాను.

మామ సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్లు లారీ తోలిన చేతులు. నేల మీద ఈ విమానాన్ని కాళ్లతో తిప్పాలి, కింద రెండు పెడళ్లు ఉంటాయి. మామ మాత్రం గాల్లో తిప్పడానికి చేతిలో ఉండే కర్రను ఎడమకు వంచి, అది ఎడమకు తిరుగుతుందని ఎదురు చూసేవాడు. అది నేరుగా పోయి తుమ్మచెట్ల దగ్గర ఆగేది. రన్‌వే మీదికి మేకలొస్తే హారన్ కోసం వెతికేవాడు. ఇది చెప్పిన మాట వినదని నాయన దగ్గర ఫిర్యాదు చేసేవాడు, అదేదో ఆయన కూతురైనట్టు.

నా కష్టం వేరే. చీరలో ఆ కర్ర పట్టుకోవడం కుదరదు, అది రెండు మోకాళ్ల మధ్య ఉంటుంది. అవ్వవాళ్లు గోచీ పోసి కట్టే తొమ్మిది గజాల మడిసారైతే బ్రహ్మాండంగా సరిపోయేది, కాని పెళ్లికాని పిల్ల మడిసారు కట్టకూడదని అమ్మ ఒప్పుకోలేదు. చివరికి నాయన ఆఫీసు ప్యాంటు మడిచి తాడు కట్టుకుని పోయేదాన్ని. దానికేమీ అనలేదు అమ్మ, ప్యాంటు గురించి శాస్త్రంలో లేదు కదా. కాళ్ల సాధన ఇంట్లోనే చేసేదాన్ని. రోట్లో ఇడ్లీ పిండి రుబ్బుతూ, ఎదురుగా రెండు ఇటుకలు పెట్టుకుని కుడికాలు, ఎడమకాలు నొక్కేదాన్ని. అమ్మ చూసి, కాళ్లకేమన్నా తిమ్మిరా అని నూనె తెచ్చింది.

ఇట్లా సాగుతుండగా కెప్టెన్ సారు మద్రాసు ఇల్లు ఖాళీ చేసి దూరంగా పోవలసి వచ్చింది. మళ్లీ రావడం కుదరదన్నాడు. ఆయన వెళ్లేలోగా మా ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా ఒక చుట్టు చుట్టి సరిగ్గా దింపాలి, లేకపోతే విమానం అమ్మేయాలి, తోలేవాడు లేని విమానం మేకలకు నీడ తప్ప ఎందుకూ పనికిరాదు అని తేల్చేశాడు. మద్రాసులో కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. మామ మీద ఎవరికీ ఆశ లేదు, మామకు కూడా. నాయన మాత్రం రోజూ సాయంత్రం సైకిలు మీద రేణిగుంట పోయి, తడిగుడ్డతో దాని రెక్కలు తుడిచి వచ్చేవాడు. అది చూసి నాకు అన్నం సహించేది కాదు.

ఆ చివరి రోజు అమ్మ మొదటిసారి మైదానానికి వచ్చింది. అంతదాకా అటుపక్క తొంగి చూడని మనిషి, మామ లారీలో ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో పూజ పళ్లెం పెట్టుకుని దిగింది. ఏ బండైనా పూజ చేయకుండా షెడ్డు దాటకూడదన్నది మామ ఆచారం, అమ్మది ఇంకా గట్టి ఆచారం. కెప్టెన్ సారు అప్పటికే విమానం చుట్టూ తిరిగి అన్నీ తట్టి, ఊపి చూసి, బాగుందన్నాడు. ఆ తర్వాత పూజ మొదలైంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, తోక చక్రం కింద కూడా. ఫ్యాను రెక్కలకు, తలుపులకు, తోకకు, అన్నిటికీ గంధం, కుంకుమ. అమ్మ నన్ను చూడకుండా, నన్ను తప్ప అన్నిటినీ చూస్తూ బొట్లు పెట్టింది.

"పాపా, రాహుకాలం వస్తా ఉండాది. ఎక్కు, ఎక్కు," అని మామ తొందర పెట్టాడు.

ఆ తొందరలో ఇంకోసారి చుట్టూ తిరిగి చూడడం ఎవరికీ గుర్తు రాలేదు. కెప్టెన్ సారు తలుపు వేస్తూ, "ఇంక నేను పక్కన కూర్చొని ఏం లాభం? పోమ్మా, ఒక చుట్టు చుట్టేసి రా. కాళ్లు మాత్రం మర్చిపోవద్దు," అన్నాడు.

కాళ్లు మర్చిపోలేదు. కాళ్ల మీదే ధ్యాస పెట్టి, వేగం చూపించే ముల్లును చూడడం మర్చిపోయాను. పక్కన సారు బరువు లేకపోయేసరికి విమానం గాలిపటంలాగా లేచిపోయింది. అప్పుడు చూశాను, ముల్లు సున్నా దగ్గర ఉంది. కింద జంక్షన్‌లో గూడ్సు బండి చీమల బారులాగా పోతోంది, ఎదురుగా తిరుమల కొండ, నేనేమో ఆ ముల్లు లెక్కన ఆకాశంలో కదలకుండా నిలబడి ఉన్నాను. వేళ్లతో దాన్ని తట్టాను. గోడ గడియారం ఆగిపోతే తడతామే, అట్లా. అది కదల్లేదు. లెక్కల టీచరుకు అంకె లేకుండా చేస్తే ఇంకేముంది. వేగం తగ్గితే విమానం కింద పడుతుంది, ఎక్కువైతే రన్‌వే చాలదు, ఎంత ఉందో చెప్పే దిక్కు లేదు.

నేలకు మళ్లీ చేరతానా అన్న భయం కన్నా ముందు, నిజం చెప్తున్నా, నాయన తడిగుడ్డ గుర్తొచ్చింది. అప్పుడు వినపడింది. నా పక్క తలుపు సందులో గాలి దూరి సన్నగా ఒక చప్పుడు చేస్తూ ఉండేది, రోజూ ఉండేదే, పట్టించుకోలేదు. సరైన వేగంతో దిగేటప్పుడు అది పాలు పొంగబోయే ముందు గిన్నెలో వచ్చే చప్పుడులాగా ఉంటుంది. నెమ్మదిస్తే చల్లారిన గిన్నె, తొందరపడితే పొయ్యి మీదికి పొంగిందే. అంతే, ముల్లును వదిలేసి పాలు కాచాను. చెవి తలుపుకు ఆనించి, పొంగనివ్వకుండా, చల్లారనివ్వకుండా, చుట్టు తిరిగి రన్‌వే మీదికి తెచ్చాను. దిగడం అంత అందంగా ఏమీ లేదు. కప్పలాగా రెండు గంతులేసింది. తోక ఒక పక్కకు లాగింది, నా కాళ్లు రోటి ముందు ఇటుకలు తొక్కినట్టు తొక్కాయి, అది చక్కగా వచ్చి ఆగింది. తుమ్మచెట్లకు చాలా దూరంలోనే.

ముల్లు పని చేయలేదని చెప్పాను. కెప్టెన్ సారు నేరుగా రెక్క కిందికి పోయాడు. ఆడ ఒక చిన్న గొట్టం ముందుకు పొడుచుకుని ఉంటుంది. దాని మూతిలోకి గాలి పోతేనే ముల్లు కదిలేది. ఆ మూతి నిండా గంధం, దాని మీద గుండ్రటి కుంకుమ బొట్టు. ఆయన గుండుసూదితో గీకి, వాసన చూశాడు.

"మంచి గంధం. ఎవరు పెట్టినారు?"

మామ లారీ వైపు చూశాడు. నాయన కళ్లద్దాలు తీశాడు. అమ్మ పళ్లెంతో ముందుకొచ్చింది.

"నేనే. అన్నిటికీ పెట్టి దానికి మాత్రం పెట్టకుండా ఎట్ల వదిలేది? మూతి తెరుసుకోని సూస్తా ఉండాది, పాపం," అంది. "పెట్టినాను గాబట్టే బిడ్డ సల్లగా దిగింది."

కెప్టెన్ సారు అమ్మను చూశాడు, నన్ను చూశాడు, గుండుసూది జేబులో పెట్టుకున్నాడు. ఆయన గాల్లో ఎన్ని తుఫాన్లు చూశాడో గానీ, అమ్మతో వాదించే ధైర్యం చేయలేదు. ఎగిరిన లెక్క రాసే నా లాగ్‌బుక్కులో సంతకం పెట్టి, విమానం అమ్మే పని లేదన్నాడు. నాయన దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "దిగినావు గదా, సాలు," అన్నాడు. ఆ సాయంత్రం మళ్లీ రెక్కలు తుడవడానికి పోయాడు. ఈసారి ఈల వేసుకుంటూ.

మరుసటి వారమే నాయన ఎర్రగుడ్డతో ఆ గొట్టానికి చిన్న టోపీ కుట్టాడు, పూజ రోజు తొడగడానికి. అమ్మ సంతోషంగా టోపీకే బొట్టు పెట్టింది. చాలా ఏళ్లు అట్లా ఎగిరాను, ప్రతిసారీ ఎక్కేముందు టోపీ తీశానా లేదా అని చూసుకుంటూ. పెళ్లయ్యాక మడిసారు కట్టుకునే హక్కు వచ్చింది, అప్పటికి ప్యాంటే అలవాటైపోయింది. తర్వాత ఇంజనుకు సామాను దొరకక విమానాన్ని వదులుకున్నాం. టోపీ మాత్రం నా బీరువాలో ఉంది, కుంకుమ మరక ఇంకా పోలేదు. ఆ బొట్టు వల్లే దిగానని అమ్మ చివరిదాకా అందరికీ చెప్పింది. నేను కాదనలేదు. ఆ గంధం లేకపోతే నాకు పాల చప్పుడు వినపడేదే కాదు కదా.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో నీకు తెలుసు. మొన్న నీ కొత్త కారుకు పూజ చేసి అన్ని చోట్లా బొట్లు పెట్టాను. వెనక చిన్న నల్లటి కన్నొకటి ఉంటే, పాపం ఇది మాత్రం ఎందుకు అని దానికీ పెట్టాను. నువ్వు కారు వెనక్కి తీస్తూ, ఏమీ కనపడలేదు అవ్వా, కెమెరా మీద గంధం పూస్తారా ఎవరైనా అని గోల పెట్టావు. మెడ తిప్పి చూడు, నేను చెవులతో దిగినదాన్ని అన్నాను. ఆ మాట అన్నాక కారు అద్దంలో నా మొహం చూసుకున్నాను. చేతిలో పళ్లెం, వేలి కొసకు గంధం, అచ్చం మా అమ్మే.