జయరామయ్య ఎద్దులు, డెన్మార్కు దేవత

జయరామయ్యకి డెన్మార్కు అంటే ఏందో తెలీదు. రొయ్యల మేత కంపెనీ వాళ్లు లక్కీ డిప్పులో ఆయన చీటీ తీసి, "ఇద్దరికి డెన్మార్కు టూరు!" అని మైకులో అరిస్తే, మిక్సీ తగిలిందనుకోని చేతిలో గోనెసంచితో స్టేజీ ఎక్కినాడు.

విడవలూరు పక్కన ఆయనకి రెండు రొయ్యల గుంటలు, కాస్త వరిపొలం, ఒక జత ఎద్దులు ఉండాయి. గుంటలు కడుపుకి, ఎద్దులు పరువుకి. ఊరంతా ట్రాక్టర్లకి మారినా ఏరువాక నాడు తొలి సాలు మాత్రం ఎద్దులతోనే తోలాలంటాడు. ఎద్దుల్ని పొరపాట్న కూడా తిట్టడు. ఆ తిట్లన్నీ పెళ్లాం పెంచలమ్మకి పెడతాడు. ఆమె పోయి ఎద్దుల్ని తిట్టొస్తాది. సంసారం అట్ట బ్రహ్మాండంగా సాగిపోతాంది.

పోయినేడు ఏరువాకకి ముందు గట్టు మీద జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనయి ఇప్పుడు నడుస్తాండాడు గానీ, దుక్కిలో దిగే కాలు కాదది. కొడుకుల్లేరు. ఉండేది వినీల ఒక్కతే. చదువుకోని, రొయ్యల గుంటల నీళ్లు టెస్టు చేసే ల్యాబులో పని చేస్తాంది.

"ఈ ఏడు ఏరువాకకి నేను తోల్తా నాయనా," అనింది వినీల.

"ఆడపిల్ల నాగలి మేడి పడితే వాన రాదు," అని ఒక్క మాటతో కొట్టేసినాడు జయరామయ్య. కొట్టేసి ఊరుకున్నాడా? మేడి పట్టే మగోడు లేని ఇంట్లో ఎద్దులు దేనికని, చిల్లకూరు బేరగాడు నరేంద్రబాబుకి మాటిచ్చినాడు, టూరు నించి రాంగానే తోలకపొమ్మని. ఆ రోజు నించి వినీల నాయనతో సరిగ్గా మాట్లాడితే ఒట్టు.

మాట్లాడకపోయినా విమానంలో పక్క సీట్లో కూర్చోక తప్పలేదు. "నేను విమానమెక్కితే బర్రెను నీ పైలట్టు పితుకుతాడా?" అని పెంచలమ్మ రానంటే, రెండో టికెట్టు వినీలకొచ్చింది.

కోపెన్‌హేగన్‌లో వాళ్లకి గైడు కిషోర్. మన గూడూరు పిల్లోడే, ఆడ చదువుకుంటా ఖాళీ ఉన్నప్పుడు జనాల్ని తిప్పతాంటాడు. రెండోరోజు పొద్దున సముద్రం ఒడ్డునుండే పెద్ద ఫౌంటెన్ కాడికి తీసకపోయినాడు.

జయరామయ్య చూసినాడు. చూసి, చెప్పులిడిచినాడు.

నాలుగు ఎద్దులు. ఒక్కోటి ఏనుగంత ఉండాది. మెడలు వంచి, కండలు పొంగి, కింద నీళ్లని చీల్చుకోని పోతాండాయి. ముక్కుల్లోంచి నీళ్లు బుస్సుమని ఎగురుతాండాయి. ఎనక చెర్నాకోల ఎత్తి, జుట్టు గాలికొదిలి, నాగలి తోల్తా ఒక ఆడమనిషి.

"ఎవరబ్బాయ్ ఈమె?"

"గెఫియన్ అని వీళ్ల పాతకాలం దేవత పెదనాయనా. పక్క రాజ్యం రాజు, ఒక్క రాత్రిలో ఎంత నేల దున్నితే అంత నీదే పొమ్మన్నాడంట. ఈమె దున్నిన నేలని దున్నినట్టే పెళ్లగించి, సముద్రంలోకి ఈడ్చుకొచ్చింది. మనం నిలబడిన దీవి అదేనంట."

"మరి ఈ ఎద్దులు?"

"ఆమె కొడుకులే. ఎద్దులుగా మార్చేసింది."

జయరామయ్య ఎద్దుల్ని ఎగాదిగా చూసినాడు. "కొడుకుల్లో పనికొచ్చినోళ్లు వీళ్లేరా నాకు తెలిసి," అన్నాడు. ఫౌంటెన్ నీళ్లు దోసిట్లో పట్టి తలమీద చల్లుకున్నాడు. చల్లుకోని, దేవతకి కాకుండా ఎద్దులకి దండం పెట్టినాడు. పక్కన సెల్ఫీ దిగతాండే దొరసాని ఒకామె, ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకోని తనూ నాలుగు చుక్కలు చల్లుకునింది.

వినీల పక్కకి తిరిగి నవ్వాపుకుంటాంది. అప్పుడే ఫోను మోగింది. పెంచలమ్మ, వీడియో కాలు.

"ఇదో, ఆ నరేంద్రబాబు ఇప్పుడే వచ్చినాడు! మీరొచ్చేనాటికి లారీ దొరకదంట. మన ఎద్దు మైలగాణ్ణి ఎక్కిస్తాంటే చెక్కల మధ్యన కాలు ఇరుక్కునింది. ఎవుర్నీ దగ్గిరికి రానియ్యకుండా తన్నతాంది. కాలు ఇరిగేటట్టుందయ్యా!"

ఫోన్లో లారీ ఊగిపోతాంది. మైలగాడు కళ్లు తెల్లగా తిప్పుతా రొప్పుతాండాడు.

"స్పీకరు దాని చెవి కాడ పెట్టు! ఒరే మైలగా, ఆగరా, నేనురా!" అని జయరామయ్య అరిచినాడు. ఎద్దు ఇంకా గట్టిగా తన్నింది.

వినీల ఫోను లాక్కునింది. ఆ ఫౌంటెన్ కాడ తిరగతాండే జనమంతా తిరిగి చూసేటట్టు గొంతెత్తి, "హో హో హో... మైలా! నిలూ... నిలూ నాయనా..." అనింది.

ఎద్దు చెవులు నిక్కినాయి. తన్నేది ఆపింది.

"అమ్మా, చెక్క పక్కకి లాగించు. మైలా, ఎనక్కి... ఎనక్కి... అద్దీ!"

మైలగాడు బుద్ధిగా కాలు పైకి తీసి, అడుగడుగూ ఎనక్కేసి నేలమీదికి దిగినాడు. ఆడ లారీ కాడ, ఈడ ఫౌంటెన్ కాడ, రెండుచోట్లా చప్పట్లు. దొరసానికి ఏమీ అర్థం కాలేదు, అయినా అందరికంటే గట్టిగా కొట్టింది.

జయరామయ్య మాత్రం కొట్టలేదు. "నా మాట వినని ఎద్దు నీ మాట ఎట్ట వినిందే?"

ఫోన్లోంచి పెంచలమ్మే అందుకునింది. "ఏడాదిగా తోలేది వినీలే గదా! నువ్వు లేచేలోపు, తెల్లారకముందే తోలి, స్నానం చేసి, ల్యాబుకి పొయ్యేది."

"తొలి సాలు పక్క పొలం సంజీవరావు తోలినాడంటివే?"

"నీ బీపీ పెరగతాదని అట్ట చెప్పినాం. సంజీవరావు గట్టు మీద కూర్చోని టీ తాగినాడు."

"మరి వాన?"

"ఎందుకు పళ్లేదూ? ఆసుపత్రి కిటికీలోంచి చూసి నువ్వే గదయ్యా దండం పెట్టింది!"

జయరామయ్య మొహం కమిలిపోయింది. తల ఎత్తి పైనుండే దేవతని ఒకసారి చూసినాడు, కూతుర్ని ఒకసారి చూసినాడు. వినీల కళ్లల్లో నీళ్లు తిరగతాండాయి. లారీ ఇంకా ఇంటిముందరే ఉండాది, ఇప్పుడు నాయన ఏమంటాడో అని.

"ఆ నరేంద్రబాబుకి ఫోనియ్యి," అన్నాడు. "నరేంద్రా, నేనయ్యా. మాట తప్పతాండాను, ఏమనుకుంటావో అనుకో. ఎద్దులు అమ్మను... ఆఁ, తిట్టు, తిట్టు, నీ తప్పేం లేదు... అన్నం తినే పో. మా ఆమె రొయ్యల కూర చేసుంటాది."

ఫోను పెట్టేసి చెప్పులు ఏసుకున్నాడు. నాలుగడుగులేసి కూతురి వైపు తిరిగినాడు.

"ఈ ఏరువాకకి నువ్వే తోలు. తెల్లారకముందు దొంగతనంగా కాదు. పొద్దెక్కినాక, అందరూ చూస్తాండంగా. సాలు వంకర పోయిందో, గట్టు మీదనించే అరుస్తా."

"ఊళ్లో వాళ్లు ఏమన్నా అంటే నాయనా?"

"అంటారు. అనకుండా ఎట్ట ఉంటారు? ఇందాకటిదాకా నేనూ అన్నోణ్ణే గదా."