పదిహేడో నంబరు కార్డుకు తీసిన తరుగు

చదువు తొమ్మిదో తరగతితో ఆగింది గానీ నా లెక్కలు ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. నాలుగేళ్ళ కిందట ఒక పెన్సిలు ముక్కతో మా ఊరి ఆడవాళ్ళందరి ఒళ్ళూ ఒకే పూటలో చల్లబరిచిన మహా వైద్యుణ్ణి నేను. ఆ వైభోగం చెబుతాను, వినండి. నవ్వు ఆపుకోవద్దు. అప్పుడు ఎవరూ ఆపుకోలేదు.

నాకప్పటికి నలభై ఎనిమిది. గుంటూరులో ఒక మిర్చి కొట్లో కాటా గుమాస్తాని. బస్తా కాటా ఎక్కిందంటే గోనె బరువనీ, తేమనీ కొంత తీసేసి రాసుకునేవాణ్ణి. దాన్ని తరుగంటాం. కాయ గలగలలాడేలా ఎండినా తరుగు తరుగే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. కాటా పట్టినవాడికి లోకమంతా గోనె బస్తాలే.

ఆ వేసవిలో ఒక డాక్టరమ్మ మా ఊరొచ్చారు. నెలసరి ఆగే వయసు ఆడవాళ్ళకి ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయి కదా, వాటి మీద పరిశోధన. ఒక్కొక్కరికీ ఒక కార్డిచ్చారు. ఆవిరి వచ్చినప్పుడల్లా గీత గీయాలి. కార్డు మీద పేరుండదు, నంబరే. ఆ గీతలు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించడానికి మనిషి కావాలంటే ఊరంతా నావైపు చూసింది. నేనూ నావైపే చూసుకున్నాను.

"వాళ్ళు గీసింది గీసినట్టు ఎక్కించండి. రోజుకి సగటున ఏడు దాటినవాళ్ళని ముందు వైద్యానికి పిలుస్తాం. ఒకసారి మందిచ్చి పంపేది కాదు, బీపీ, షుగరులాగా ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉంటాం," అన్నారు డాక్టరమ్మ.

"అంతేనా అండీ?"

"అంతే."

అంత చిన్న పనికి నాలాంటివాడు ఎందుకా అనిపించింది. అక్కడ మొదలైంది బుద్ధి వంకర.

కార్డులు చూస్తే ఎనిమిదిట, పదిట. పదిహేడో నంబరావిడవి తొమ్మిది. తేమ ఎక్కువుంది అనుకున్నాను. మిరపకాయలకి తొడిమలు తీసేవాళ్ళకి ఒళ్ళు మండదా? అందుకొకటి తీసేశాను. పొయ్యి దగ్గర సెగకి ఇంకొకటి. ఆడవాళ్ళన్నాక కాస్త పెంచి చెబుతారని మరొకటి. మొత్తం తరుగు మూడు, తలకి. ఏం పని చేస్తారో రాసిన గడి కార్డు మీదే ఉంది. చూడలేదు. బస్తాని ఏ చేలోంచి వచ్చావని అడుగుతామా?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడ విజయకి నా తెలివి వడ్డించాను. "పదిహేడో నంబరని ఒకావిడుంది. రోజుకి తొమ్మిది ఆవిర్లట. పొయ్యి మీదే కూర్చుంటుందేమో. ఆరుకి దించాను."

"దించారా," అంది విజయ. మజ్జిగ పోసింది. ఉప్పు వేయడం మరిచిపోయిందనుకున్నాను.

విజయ కుట్టుమిషను పని చేస్తుంది. ఆ వేసవంతా "ఒళ్ళు కాలిపోతోందండీ" అంటూనే ఉంది. "వేసవిలో అందరికీ కాలుతుంది" అని శాస్త్రం చెప్పేవాణ్ణి. ఫ్యాను అయిదు మీద పెట్టేది. నేను లేచి రెండు మీదకి తిప్పేవాణ్ణి.

వారం తిరిగాక పంచాయతీ ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి డాక్టరమ్మ నా పుస్తకం తెరిచారు. తిప్పారు. మళ్ళీ తిప్పారు.

"ఈ ఊళ్ళో ఏడు దాటినవాళ్ళు ఒక్కరూ లేరా? అయితే మేము పక్క ఊరు వెళ్ళాల్సిందే," అని ఒకచోట వేలు పెట్టి ఆగారు. "పదకొండో నంబరుకి మైనస్ ఒకటి అని ఉంది. మైనస్ ఆవిరి అంటే ఏమిటండీ?"

రెండులోంచి మూడు తీస్తే ఎంత? సున్నా వేసి సరిపెట్టడానికి మనసొప్పలేదు. లెక్క తప్పకూడదు కదా.

మూలనుంచి కోటేశ్వరమ్మ లేచింది. మా వీధే, నాకు చెల్లెలి వరస. "పదకొండు నాదే. అంటే నేను చల్లబడిపోతున్నానన్నమాట. ఏమన్నయ్యా, పాడె కట్టించావా, ఇంకా లేదా?"

గది గదంతా గొల్లుమంది. డాక్టరమ్మ నవ్వలేదు. "ఇదేం లెక్క?" అన్నారు.

"తరుగండీ," అన్నాను, కాటా దగ్గర రైతుకి చెప్పినట్టే.

"ఆమె ఒంట్లో మంట ఎంతో ఆమెకి తెలుసా, మీకు తెలుసా?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. డాక్టరు వైద్యం ఇస్తానంటే కాటా గుమాస్తా అడ్డుపడ్డాడు.

అప్పుడు లేచింది విజయ. "పదిహేడు నాదండీ. తొమ్మిది గీతలు గీశాను. పొయ్యి మీద కూర్చునేదాన్ని నేనే."

ఉప్పు మరిచిపోలేదని అప్పుడర్థమైంది.

"ఇంట్లో ఫ్యాను అయిదులో పెడితే ఈయన రెండు మీదకి తిప్పుతారు. అక్కడా తరుగు మూడే. మనిషి మాత్రం లెక్క తప్పరు," అంది.

కార్డులన్నీ నా చేతే మళ్ళీ ఎక్కించారు, గీసింది గీసినట్టు, ఊరంతా చూస్తుండగా. విజయ పేరు మొదటి జాబితాలోకొచ్చింది. మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఏమిటని డాక్టరమ్మ అడిగితే, "రెగ్యులేటరు పక్కన పడుకునే మనిషండీ" అని రాయించింది. దాన్నీ చెప్పింది చెప్పినట్టు నేనే ఎక్కించాను.

కాటా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. బస్తాకి తప్ప మనిషి మాటకి ఈ జన్మలో తరుగు తీయను. విజయ ఇప్పటికీ మూడు నెలలకోసారి చూపించుకుంటోంది. మా ఫ్యాను అయిదు మీదే తిరుగుతోంది, పుష్యమాసంలో కూడా. మొన్న పొద్దున, "రాత్రి ఆరుసార్లు వణికానే" అన్నాను దుప్పట్లోంచి.

"మూడు రాసుకోండి," అంది.