జవాబు లేదు

సింగపూర్ జురాంగ్ ఐలాండ్‌లో ఆదివారం షిఫ్టులు పడి, చర్చికి, మన తెలుగు సంఘానికి వెళ్లక ఏడు వారాలైంది. డ్యూటీ దిగి స్టేషన్‌లో కూర్చుంటే, ఒళ్లో ఉన్న తెలుగు బైబిల్ చూసి ఓ పెద్దాయన పక్కన చేరారు. ఫోన్‌లో వీడియో చూపించారు. గడ్డిమైదానంలో, బొరియ పక్కన ఓ చిన్న జంతువు నిలబడి తల పైకెత్తి కేకేస్తోంది.

"ఉడుతా, అంకుల్?"

"ప్రెయరీ డాగ్ బాబూ. అమెరికాలో పదేళ్లు వీటినే గమనించాను. ఒకటి కేకేస్తే చుట్టూ ఉన్నవన్నీ అందుకుంటాయి. తెగులొచ్చి చివరికి ఇదొక్కటే మిగిలింది."

"మరి ఎవరి కోసం అరుస్తోంది?"

"ఎవరైనా ఉన్నారేమోనని. రోజూ నోట్‌బుక్‌లో 'జవాబు లేదు' అని రాసేవాణ్ణి."

రైలొచ్చింది. ఆయన ఎక్కి, వెనక్కి తిరిగి "వందనాలు బాబూ" అన్నారు.

సంఘంలో ఒకరినొకరు పలకరించుకునే ఆ మాట విని ఏడు వారాలైంది. నోరు పెగిలి "వందనాలండీ" అనేసరికి తలుపులు మూసుకున్నాయి.

ఆయన ఆ రోజు ఏమని రాసుకుని ఉంటారో.