నలభై ఒక్క చుక్కలు

పెన్సిలు చెక్కినప్పుడు వచ్చే వాసన రెండు నిమిషాలు కూడా నిలవదు. మొన్న ఆదివారం పొద్దున మా ఇంటి అరుగు మీద కూర్చొని కొత్త పెన్సిలును బ్లేడుతో చెక్కుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. వసుంధర మేడం వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అయింది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ సంగతి కూడా నాకు నెలన్నర తరువాత, కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో చూస్తే తెలిసింది. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఆమె నాకు ఇంగ్లీషు మాత్రమే నేర్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

మాది రాయచెర్లు, పావగడ దగ్గర కన్నడసీమలోని తెలుగు ఊరు. బడిలో చదువంతా కన్నడం, ఇంట్లో మాటంతా తెలుగు, ఇంగ్లీషు పరీక్షల కోసం. పావగడలో డిగ్రీకి చేరేనాటికి ఇంగ్లీషు గడగడా చదివేదాన్ని. చదివినదాంట్లో సగం అర్థమయ్యేది కాదు. ఊళ్లో ఆ తేడా ఎవరికీ తెలియదు, తెలియనివ్వడం నాకూ ఇష్టం లేదు. మా వీధిలో డిగ్రీకి పోయిన మొదటి ఆడపిల్లను నేనే. షేరు ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కొని కూర్చున్నా సరే, ఇంగ్లీషు పుస్తకం అట్ట అందరికీ కనబడేలా పట్టుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకాలే ఇంకొకటి గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

మేడంది హాసన్ వైపు. ఇంటి భాష కన్నడం. మా ఊళ్ల తెలుగును మా దగ్గరే నేర్చుకుంటూ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. రెండో ఏడాది మొదటి క్లాసులోనే పాఠ్యపుస్తకం మూయించారు. వారానికొకసారి ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఒక ఇంగ్లీషు కాగితం తేవాలన్నారు. మందుల డబ్బాలోని చీటీ, విత్తనాల సంచి మీద రాసినది, బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం, ఏదైనా సరే. చదవాలి, అర్థం కాని మాట కింద పెన్సిలుతో చుక్క పెట్టాలి, ఆ తరువాత అందరికీ మన భాషలో చెప్పాలి. "మీ ఇంట్లోవాళ్లు రేపు మిమ్మల్ని చదవమనేది ఇవే," అన్నారు. చుక్క లేని కాగితాన్ని ఆమె చదివేవారు కాదు. అట్లాగే మడిచి తిరిగి ఇచ్చేసేవారు.

ఒకరోజు మంగళవాడ నుంచి వచ్చే అబ్బాయి పురుగుమందు సీసాతో వచ్చే కాగితం తెచ్చాడు. దాంట్లో ఒక మాటకు అర్థం అడిగాడు. మేడం కాసేపు చూసి, తన పెన్సిలుతో దాని కింద తానే ఒక చుక్క పెట్టి, "ఇది నాకూ తెలియదు. రేపు చెబుతాను," అన్నారు. వెనక బెంచీల్లో కిసకిస నవ్వులు. నేనూ నవ్వాను. సాయంత్రం ఆటోలో, "తెలీనోళ్లను తెచ్చి మేడంను చేసినారప్పా," అని కూడా అన్నాను. మర్నాడు ఆమె బజారులోని పురుగుమందుల కొట్టుకు పోయి, అక్కడ నిలబడి కనుక్కొని వచ్చారు. ఆ మందు కొట్టిన చేలో ఎన్ని రోజులదాకా పశువులను మేపకూడదో చెప్పే మాట అది. ఆ సంగతి చెబుతూ నవ్విన వాళ్ల వైపు ఆమె చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

ఆ ఏడాదే మా వైపు సోలారు కరెంటు కోసం కంపెనీలు భూములు అడగడం మొదలైంది. వరసగా వానలు లేక, వేరుశనగ వేసిన చేలల్లో కాయ పట్టక, అందరూ విసిగిపోయి ఉన్నారు. కౌలుకు ఇస్తే ఏటా డబ్బు వస్తుందన్నారు. కాగితాలు వచ్చాయి. షరతులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఓబులప్ప మామ మాకు చుట్టమేమీ కాదు, మా ఇంటి పక్కాయన. ఊరి బయట ఆయనకు నాలుగెకరాలు, ఆ చేలో ఒక బావి, ఆ బావి నీళ్ల మీద బతికే గొర్రెల మంద ఉండేవి. ఒక సాయంత్రం ఆయన ఆ కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు, ఆయన వెంట మరో పదిమంది. "నాగమణి ఉండాది కదప్పా, చదువుతాది," అన్నాడు మా నాయన.

చదివాను. మూడో పేజీలో ఒక పెద్ద పేరా అస్సలు కొరుకుడు పడలేదు. గొంతు తగ్గించకుండా పైపైన దాటేశాను. అంతా విన్నాక ఓబులప్ప మామ ఒక్కటే అడిగాడు. "కంచె ఏసినాంక బావికాడికి జీవాలను తోలుకపోనిస్తారా పాపా?" గొర్రెలను మా వైపు జీవాలనే అంటారు. అందరూ నా నోటివైపు చూస్తున్నారు. నాయన మొహంలో గర్వం కనబడుతోంది. ఆ నిమిషాన తెలియదనే మాట నా నోట్లో నుంచి రాలేదు. "పోనిస్తారంట మామా," అన్నాను. ఆ వారంలోనే ఆయన సంతకం పెట్టాడు.

తరువాతి వారం కాలేజీకి ఆ కాగితం జిరాక్సే తీసుకుపోయాను. అంత పెద్ద కాగితం క్లాసులో ఎవరూ తేలేదు కాబట్టి మెప్పు వస్తుందనుకున్నాను. ఒక్క చుక్కా పెట్టలేదు. మేడం ఎప్పటిలా మడిచి ఇచ్చేయలేదు. మూడు పేజీలూ తిప్పి చూసి, క్లాసు అయ్యాక ఉండమన్నారు.

"చుక్కలు లేవేం?"

"అన్నీ తెలుసు మేడం."

ఆమె తన పెన్సిలు నా ముందు పెట్టారు. "నేను వరండాలో ఉంటాను. పెట్టడం అయ్యాక పిలువు."

ఖాళీ గదిలో నేనూ ఆ కాగితమూ మిగిలాం. మొదటి చుక్క పెట్టడానికి చాలాసేపు పట్టింది. తరువాతివి వాటంతట అవే పడ్డాయి. మొత్తం నలభై ఒకటి, వాటిలో సగానికి పైగా ఆ మూడో పేజీ పేరాలోనే. మేడం వచ్చి పక్కన కూర్చొని ఒక్కొక్క మాటా విప్పి చెప్పారు. కంచె లోపలికి వచ్చిన బావులూ దారులూ గడువు తీరేదాకా భూమి గల మనిషి వాడుకోవడానికి లేదు. అదీ ఆ పేరా. ఎవరికి చదివానో, ఏమని చెప్పానో అంతా చెప్పేశాను.

"సంతకం అయిందా?"

"అయింది మేడం. ఇప్పుడు చెప్పి ఏం లాభం?"

"కంచె ఇంకా వేయలేదు కదా. వేసేలోపల ఆయన జీవాలకు వేరే నీళ్లు చూసుకోవాలి. ఆ రోజులు ఆయనవి. నువ్వు నీ దగ్గర పెట్టుకున్నావు. పోయి ఇచ్చేయ్."

తోడు రమ్మని అడిగాను. "నువ్వు చదివినప్పుడు నేను లేను కదా నాగమణీ," అన్నారు. ఆ మాటలో కోపం లేదు, జాలి కూడా లేదు.

ఆ సాయంత్రం ఓబులప్ప మామ బావి దగ్గర తొట్టిలో నీళ్లు పోస్తున్నాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగుతున్నాయి. నిలబడే చెప్పాను. ఆయన చేతిలోని బిందె కింద పెట్టాడు.

"మరి ఆ పొద్దు పోనిస్తారంటివే."

"నాకు తెలీలేదు మామా. తెలీదని చెప్పేదానికి సిగ్గయింది."

తొట్టి మీదికి ఎక్కబోతున్న గొర్రెను పక్కకు తోశాడు. తరువాత మెల్లగా, "నాకు సదువు రాదని నీ ముందర చెప్పేదానికి నాకు సిగ్గు కాలేదే పాపా," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. బావి గట్టు మీద కూర్చొని, "మళ్లా మొదట్నుంచి చదువు. తెలీని కాడ నిలబడు," అన్నాడు. చుక్క ఉన్నచోటల్లా ఆగుతూ, మేడం చెప్పిన అర్థం చెబుతూ చదివాను. ఎన్ని చుక్కలని అడిగితే లెక్క చెప్పాను.

కంచె వేయడానికి ఇంకా నెల పట్టింది. ఈలోపల మామ తిరుమణి వైపు ఒకాయన తోటలో బోరు నీళ్లకు మాట్లాడుకున్నాడు. ఆ ఎండాకాలం గడిచింది. మరుసటి ఏడు ఆ బోరూ ఎండింది. మందలో చాలావాటిని అమ్మేసి ఆరింటిని ఉంచుకున్నాడు. నా తప్పు ఎవరి ముందరా ఎత్తలేదు. నాయనకు కూడా నేనే చెప్పాను. కానీ ఓబులప్ప మామ ఆ తరువాత ఒక్క కాగితమైనా నా దగ్గరికి తేలేదు. పావగడకు పోయి ఎవరితోనో చదివించుకునేవాడు. పలకరించేవాడు, పండగకు మా ఇంట్లో తినేవాడు. కాగితం మాత్రం తెచ్చేవాడు కాదు. అది నాకు ఎంత బాధో ఒక్క మేడంకే తెలుసు. బదిలీ మీద వెళ్లిపోయే రోజు కూడా ఆమె అడిగింది అదే. "మీ మామ కాగితం తెచ్చాడా?" లేదన్నాను. "మిగతావాళ్లవి చుక్కలు పెట్టే చదువుతుండు," అన్నారు.

ఇప్పుడు మంగళవాడలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. తెలుగు రాయడం పెద్దయ్యాక స్వయంగా నేర్చుకున్నాను. ఆదివారాల్లో ఎవరో ఒకరు కాగితం పట్టుకొని మా అరుగు మీదికి వస్తారు. తెలియని మాటను తెలియదని పదిమందిలో చెబుతాను. ఇన్నేళ్లయినా ఆ మాట అనే ముందు లోపల ఏదో ఒకటి అడ్డం పడుతుంది. దాన్ని దాటే అంటాను.

మొన్న ఆదివారం కర్ర పొడుచుకుంటూ ఓబులప్ప మామ వచ్చాడు. సోలారు కంపెనీ నుంచి ఏదో ఉత్తరం వచ్చిందట. అది నా చేతికిచ్చి, చొక్కా జేబులోంచి చెక్కని కొత్త పెన్సిలు తీశాడు. "నీ కాడ ఉంటాదో లేదో అని అంగట్లో తెస్తి," అన్నాడు. నేను చెక్కింది ఆ పెన్సిలునే. వాసన తగిలినప్పుడు నాకు కళ్లు మసకబారాయి. ఈ కబురు చెబుదామంటే మేడం లేరు. అప్పుడు రాని ఏడుపు ఆయన ముందర వచ్చింది. ఆయన వీధివైపు చూస్తూ కూర్చున్నాడు.

ఉత్తరం చుక్కలు పెడుతూ రెండుసార్లు చదివి, అర్థమైనంతా చెప్పాను.

"ఎన్ని పడినాయి?"

"మూడు మామా. ఆ మూడూ నాకు తెలీవు. కనుక్కొని రేపు చెప్తా."

"ఆ పొద్దు నలభై ఒకటి," అన్నాడు. కర్ర అందుకొని లేచాడు. "సరే, రేపు వస్తా." కాగితం నా దగ్గరే వదిలిపెట్టి వెళ్లాడు.