పాలబండి మేస్త్రి

మేస్త్రి పోయారన్న సంగతి నాకు మేడ్చల్ అంగడిలో తెలిసింది. చింతపండు తూస్తున్న ఆమె తక్కెడ దించకుండానే, "ఒకప్పుడు మీ పాలబండి బాగుజేసిన మేస్త్రి లేడు కదా, మొన్న పొద్దుగాల పాణం పోయిందట," అంది. తూకం చూడకుండా సరుకు సంచిలో వేసుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు ఏం కొన్నానో ఇంటికొచ్చి సంచి కుమ్మరించాక గాని తెలియలేదు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఆయనను ఎరిగినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరి మనసుల్లో ఆయన గురించి ఒక చెడ్డమాట నాటుకుపోయింది. ఆ మాట బయలుదేరింది మా ఇంటి నుంచే. అందుకే ఈ నాలుగు ముక్కలూ నేను రాయక తప్పదు.

తొంభైల చివర్లో మావారు శామీర్‌పేట దగ్గరున్న కొద్దిపాటి చెలక భూమి అమ్మేసి ఒక పాత పికప్ బండి కొన్నారు. తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి క్యాన్లలో పాలు ఎత్తి, తొమ్మిదిలోపు మేడ్చల్‌లోని పాల కేంద్రానికి చేర్చడం ఆ బండి పని. మా చేతికి రాకముందే రెండు చేతులు మారింది. తలుపు తీయాలంటే కిటికీలోంచి చెయ్యి పెట్టి లోపలి గొళ్ళెం లాగాలి. సీటు స్ప్రింగులు రెక్సిన్‌ను చీల్చుకుని పైకి వచ్చాయి. అయినా మొదటి ఆరు నెలలు మా ఇంట్లో పొయ్యి ఆ బండి మీదే వెలిగింది.

తర్వాత క్లచ్చు జారడం మొదలైంది. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. చెరువు కట్ట దగ్గరి ఎక్కుడులోనైతే వెంట్రుకలు కాలినట్టు వాసన వేసేది. మేస్త్రి గేరుపెట్టె దించి క్లచ్చు ప్లేటు తీసి చూపించారు. పైపొర అరిగి రివిట్లు తేలి ఉన్నాయి. కొత్తది వేశారు. అది నాలుగు నెలలు వచ్చింది. దాని తర్వాతది రెండు నెలలు. మూడోది ఇరవై రోజులు.

ఆయనది మేడ్చల్ రైల్వే గేటు దగ్గర మూల మీద రేకుల షెడ్డు. వెనకే ఇల్లు. బండి రాగానే కింద దూరే మనిషి కాదు. ముందు ఎక్కడ ఆగింది, ఎంత బరువుంది, ఏం వాసనొచ్చింది అని అడిగేవారు. సమాధానం చెబుతున్నంతసేపూ గేరు కర్ర మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడేవారు. "బండి అబద్ధమాడదు. మనం అడుగుడే తప్పైతది," అనేవారు. పని అయ్యాక క్లచ్చు పెడలు చేత్తో నొక్కి చూసేవారు. మొదటి రెండు వేళ్ళ మందం ఊరికే పోవాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. అలా లేకపోతే మళ్ళీ కిందికి దూరేవారు. ఎంత ఆలస్యమైనా, "ఇంకొంచెం ఆగు తమ్మీ," తప్ప మరో మాట ఉండేది కాదు.

ఇంతలో వేసవి వచ్చింది. రోహిణి కార్తె. ఒకరోజు కట్ట ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. మావారు క్యాన్ల మీద తడిగోనెలు కప్పి, ఆటోల కోసం పరుగెత్తి, ఎలాగో మేడ్చల్ చేర్చేసరికి పదకొండు దాటింది. కేంద్రంలో కొంచెం పాలు కాచి చూసి, విరిగిపోయాయని క్యాన్లన్నీ వెనక్కి పంపేశారు. మర్నాడు పాలు పోసే ఆడవాళ్ళు మా వాకిట్లో నిలబడ్డారు. అందరూ నాలాంటివాళ్ళే, బర్రె పాలతో ఇల్లు గడుపుకునేవాళ్ళు. వాళ్ళలో పెద్దామె నాతో, "మీ బండి బాగయ్యేదాక పాలియ్యకుమని మా బర్లకు చెప్పి రావాలెనా బిడ్డా?" అంది.

పది రోజులు తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. ఇంకొక్కసారి పాలు ఆలస్యమైతే ఈ దారి వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని కేంద్రంలో పెద్దాయన తేల్చి చెప్పాడు. దారి పోతే మాకు బండీ లేదు, చెలకా లేదు. మావారు ఇంట్లో మాట్లాడటం మానేశారు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. ఒకరోజు వాకిట్లో ఆగి ఉన్న బండిలో, స్టీరింగు మీద నుదురు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆ వారం ఆయన బావి వైపు వెళ్తే నేను బిందె పట్టుకుని వెనకే వెళ్ళేదాన్ని. నిండిన బిందె ఒంపేసి మళ్ళీ వెళ్ళేదాన్ని. ఒంటరిగా వదలలేక బండిలోనూ పక్కన కూర్చునేదాన్ని.

అందుకే ఆ రోజు షెడ్డు దగ్గర నేనూ ఉన్నాను. ఎదురుగా చాయ్ హోటల్ ముందు పాలబండ్ల డ్రైవర్లంతా ఉన్నారు. మావారు కాలిపోయిన ప్లేటు నేలమీద విసిరి కొట్టారు. "పాత ప్లేట్లకు రంగేసి కొత్తవని పెడ్తున్నవ్. నా కడుపు మీద కొట్టకు," అన్నారు. మేస్త్రి వంగి ప్లేటు తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూశారు. ఇంకొక ప్లేటు వేసి, "రేపు పొద్దుగాల మీ బండ్లె నేను గూడ వస్త," అన్నారు.

మాట ప్రకారం వచ్చారు. ఆయన ఉన్నారన్న ధైర్యంతో నేను ఇంట్లో ఉండిపోయాను. ఊళ్ళన్నీ తిరిగి పాలు చేర్చి మధ్యాహ్నం అదే బండిలో తిరిగొచ్చారు. మావారు వెనక ఖాళీ క్యాన్లు దించుతున్నారు. మేస్త్రి మంచినీళ్ళ వంకతో వంటింటి గడప దాకా వచ్చి, చెంబు అందుకుంటూ మెల్లగా అడిగారు.

"చెల్లె, సీటు మీది బొంత నువ్వు కుట్టినవా?"

"నేనే అన్నా. స్ప్రింగులు గుచ్చుకుని నడుం నొస్తోందంటే..."

"ఎన్ని పొరలున్నయి?"

పాత చీరలన్నీ పరిచి మొదట ఒకటి కుట్టాను. నడుం నొప్పి తగ్గకపోతే దాని మీద ఇంకొకటి, ఆ మీద మరొకటి. ఇప్పుడు జానెడు మందం ఉందని చెప్పాను. దారంతా తాను రోడ్డు చూడలేదని, మావారి కాళ్ళే చూశానని మేస్త్రి అన్నారు. మావారు పొట్టి. బొంత మీద కూర్చుంటే ఎడమ మడమ కింద ఆనడం లేదు.

"కాలు పెట్టుకునేటందుకు ఆయనకు ఇంకో జాగ లేదు. కాలు బరువంత పెడల్ మీదనే. దారి పొడుగూత సగం క్లచ్ తొక్కే ఉంటాండు. ఆయనకు ఎర్కలేదు. గట్ల తొక్కితె ఏ ప్లేటైన కాలుతది."

ఏ పని ఎప్పుడు చేశానో, బండికి ప్లేటు ఎప్పుడు మార్చారో క్యాలెండరు మీద రాసుకోవడం నా అలవాటు. గోడ మీదున్న దాని ముందుకు వెళ్ళి కాగితాలు తిప్పాను. బొంత మీద పొర వేసిన ప్రతిసారీ ప్లేటు అంతకుముందు కంటే త్వరగా కాలింది. ఇన్నాళ్ళూ రెండూ నా చేతి రాతలోనే, ఒకే క్యాలెండరు మీద ఉన్నాయి. ఇప్పుడే మావారికి చెప్పేస్తానని బయటికి కదిలాను. మేస్త్రి గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"వద్దు చెల్లె. చెప్తె నీ మీద గరమైతడు. లేకుంటె తన మీద తనే గరమైతడు, గది ఇంకా ఖతర్నాక్. ఇప్పుడు ఆయన ఇంకో మాట మొయ్యలేడు. నా మీద ఎట్లనో గరమయ్యే ఉన్నడు గద. ఒక్కని మీద చాలు."

ఆ సాయంత్రమే సీటు ఫ్రేము విరిగిందని చెప్పి బండిని షెడ్డుకు తెప్పించుకున్నారు. స్ప్రింగులు మార్చి, సీటును నాలుగు వేళ్ళు కిందికి దించి బిగించారు. క్లచ్చు చేయడం చేతగాక సీట్లు కుడుతున్నాడని మావారు ఇంటికొచ్చి ఎద్దేవా చేశారు. నేను బొంత ఉతికి లోపలి మంచం మీద పరిచాను. ఆ ప్లేటు రెండేళ్ళకు పైగా వచ్చింది. ఒక్కరోజు కూడా పాలు ఆలస్యం కాలేదు. దారి మాకే నిలిచింది.

మావారికి మాత్రం లెక్క వేరే తేలింది. గట్టిగా అడిగితే తప్ప మేస్త్రి అసలు ప్లేటు వెయ్యలేదని నమ్మారు. నమ్మింది డ్రైవర్లందరికీ చెప్పారు. ఆ తర్వాత మా బండి ఆ షెడ్డుకు వెళ్ళలేదు. మెల్లమెల్లగా మిగతా పాలబండ్లూ మానేశాయి. అంగడికి వెళ్ళినప్పుడు ఆ షెడ్డు వైపు చూసేదాన్ని. ఒకప్పుడు నాలుగు బండ్లు నిలిచే చోట ఒకటి ఉండేది, కొన్నిసార్లు అదీ ఉండేది కాదు. నన్ను చూస్తే మేస్త్రి దూరం నుంచే తల ఎగరేసి అడిగేవారు. నేను రెండు వేళ్ళు చూపించేదాన్ని, పెడలు సరిగ్గానే ఉందని. ఆయన నవ్వి పనిలో పడేవారు.

మంచి రోజులు వచ్చాక నిజం చెబుదామనుకున్నాను. మంచి రోజులు వచ్చాయి. అప్పుడు ఇక చెప్పి ఏం లాభం అనిపించింది. నా పిరికితనానికి ఇంతకంటే మంచి పేరు పెట్టలేను. మేస్త్రి అడ్డుపడింది ఆ ఒక్క రోజుకు. మిగతా ఏళ్ళన్నీ నోరు మూసుకున్నది నేను.

చావు కబురు విన్న ఆ మధ్యాహ్నం, అన్నం వడ్డించకముందే మావారికి మొత్తం చెప్పాను. అరుస్తారనుకున్నాను. "ఆయనకు ఎర్కేనా?" అని మాత్రం అడిగారు. ఆయనే కనిపెట్టారన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం మేడ్చల్ వెళ్ళాం. చాయ్ హోటల్ దగ్గర పాత డ్రైవర్లు ముగ్గురు ఉన్నారు. మావారు నిలబడే చెప్పారు. "మేస్త్రిది ఏ తప్పు లేకుండె. కాలు నాది. నేనే ఊరంత తప్పు జెప్పిన." ఒకాయన చాయ్ గ్లాసు దించకుండానే, "ఇప్పుడు జెప్తే ఎవలకు అక్కెరకొస్తది?" అన్నాడు.

షెడ్డు వెనక ఇంట్లో ఆయన భార్య మాకు చాయ్ ఇచ్చింది. మావారు ఆమె ముందు నేలమీద కూర్చుని అదే మాట మళ్ళీ చెప్పారు. ఆమెకు అంతా ఎప్పటినుంచో తెలుసట. కోపం లేదంది. రోజూ పొద్దున మా బండి గేటు దాటి మూల తిరిగే వేళకు మేస్త్రి చెయ్యెత్తి అందరినీ ఊరుకోమనేవారట. గేరు మారిన చప్పుడు విని, "బాగున్నది," అనుకుని సుత్తి అందుకునేవారట. రెండేళ్ళ కిందట మేము బండి అమ్మేసినప్పుడు, పాలాయన బాగున్నడా అని నాలుగు రోజులు వచ్చేపోయేవాళ్ళందరినీ అడిగారట.

మావారి చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది. ఆమె ఇంకేదో చెప్పబోతోంది. బయట ఏదో బండి గేటు దాటి మూల దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి సగం పైకి లేచి ఆగింది. డ్రైవరు క్లచ్చు తొక్కాడు, గేరు పడింది, బండి మెల్లగా దూరమైంది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆమె చెయ్యి దించలేదు.