ఇద్దరు వెలుగోడవ్వలు

మా వార్డులో ఎవరినీ పేరు పెట్టి పిలవం. చేరిన రోజున పేరు కాగితం మీదికి పోతుంది, మనిషికి ఊరు మిగులుతుంది. జూపాడు బంగ్లా అక్క, వెలుగోడవ్వ, అంతే. వాళ్లకూ అదే ఇష్టం. పేరుతో పిలిస్తే ఏదో తప్పు చేసినట్టు ఉలిక్కిపడతారు, ఊరితో పిలిస్తే మొహం విప్పారుతుంది. నేను నర్సుగా చేరినప్పటి నుంచీ ఇదే అలవాటు.

ఆ రోజు నాది పొద్దుటి డ్యూటీ. ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకు నంద్యాల వచ్చాను. మధ్యాహ్నం రావాల్సిన సిస్టర్ రాలేదు. తర్వాతి మనిషి వచ్చి వార్డు అప్పగించుకునేదాకా ఉన్న మనిషి కదలకూడదని మాకొక నియమం ఉంది. గేటుకు ఎవరూ తాళం వేయరు. వేయాల్సిన పని లేదు. నిండా జనం పడుకుని ఉన్న వార్డును వదిలేసి ఎక్కడికి పోతాం?

మా ఆయన ఫోన్ చేశాడు.

"బస్సెక్కితివా?"

"లేదు."

"యాడుండావ్ మరి?"

"యాడుంటా? ఈడే చస్తాండా!"

పెట్టేశాక గానీ ఎంత గట్టిగా అరిచానో తెలియలేదు. పాపం, ఆయన అడిగింది బస్సు సంగతే.

పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోవస్తోంది, ఇంకో మంచం దగ్గర వాంతులు. తలుపు దగ్గర ఎవరి తమ్ముడో "ఏందీ, డాక్టర్ యాడ?" అని నా మీద ఎగురుతున్నాడు. డాక్టర్ మీద కోపమైనా, ఫ్యాన్ మీద కోపమైనా చివరికి నర్సు దగ్గరికే వస్తుంది. దేవుడు నర్సుకు రెండు చేతులే ఇచ్చాడు, అది ఆయన పొరపాటు. పొద్దు వాలేకొద్దీ నా జవాబులు పొట్టివైపోయాయి. మనుషుల మొహాలు చూడటం మానేశాను. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. దానికి భయపడాలని తెలుసు, కానీ భయపడటానికి కూడా తీరిక లేదు.

సాయంత్రం సుగర్ సూదులు వేసే వేళయింది. వెలుగోడవ్వ కాలి పుండుతో చాలా రోజులుగా మా దగ్గరే ఉంది. ఇన్సులిన్ సిరంజిలోకి తీసుకుని వెళితే ఆమె మంచం ఖాళీగా ఉంది.

"వెలుగోడవ్వ యాడ?" అని ఊడుస్తున్న ఆయమ్మను అడిగాను.

"కిటికీ కాడ ఉండాది సూడక్కా."

కిటికీ దగ్గర ఒక ముసలామె పడుకుని ఉంది. "అవ్వా, సూది" అన్నాను. ఆమె చెయ్యి చాపింది. దూదితో తుడిచాను. సూది చర్మానికి ఆనుతుండగా వెనక నుంచి గట్టిగా వినిపించింది.

"అక్కా, ఏం సూదది?"

వేడినీళ్లు పట్టుకుని వచ్చిన ఆమె కూతురు.

"సుగర్‌ది. రోజూ ఏసేదే."

"మా యమ్మకు సుగర్ యాడుండాది? జొరమని మద్యానం నువ్వే గదా చేర్చుకుంటివి!"

అప్పుడు చూశాను ఆ మొహం. నిజమే, చేర్చుకున్నది నేనే. ఆమెదీ వెలుగోడే. కాలి పుండు అవ్వను కట్టు మార్చడానికి తీసుకుపోయారట. జ్వరంతో మెతుకు ముట్టని ముసలిమనిషికి ఆ మందు పడి ఉంటే స్పృహ తప్పి ప్రాణం మీదికి వచ్చేది. సిరంజి వెనక్కి తీసి ట్రేలో పెట్టేశాను.

నేరుగా హెడ్ సిస్టర్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. "మేడమ్, నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. ఇంటికి పంపించండి."

"ఏసినావా?"

"లేదు. కూతురు ఆపింది."

"ఏం కాలేదు గదా, ఇంగేం? రొంత టీ తాగు. రాత్రి డ్యూటీకొచ్చే పిల్లకు బాగలేదంట. తెల్లారేదాకా నువ్వే ఉండల్ల."

ఆమె చెడ్డ మనిషేం కాదు. రెండు వార్డుల మధ్య తనూ పొద్దుటి నుంచి పరిగెడుతోంది, నేను తప్ప ఆమెకు ఇంకో దిక్కు లేదు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. సూది వేసేసి ఉంటే ఈపాటికి నన్ను ఇంటికి పంపించేసేవాళ్లు. వేయలేదు కాబట్టి ఉండమంటున్నారు.

తిరిగి వార్డులోకి వచ్చాను. కిటికీ దగ్గర ఆ కూతురు తల్లి చేతిని దుప్పటి లోపలికి సర్ది, మంచం అంచున నాకు అడ్డంగా కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"అక్కా, నువ్వు ఇంటికి పోలేదా?"

"లేదమ్మా. రాత్రికి కూడా నేనే. నువ్వు రొంతసేపు పండుకో."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వుంటాండావ్ గదక్కా. మేలుకుంటా."