ఇరవైకి పద్దెనిమిది

పిల్లల చేత పుస్తకాలు చదివించాలనే పిచ్చి ప్రసన్నలక్ష్మి టీచర్‌కు ఎప్పుడు పట్టుకుందో నాకు తెలియదు. తొంభై ఏడులో మదనపల్లె నుంచి బదిలీ మీద పెద్దపంజాణి దగ్గరి మా హైస్కూలుకు వచ్చేనాటికే అది బాగా ముదిరి ఉంది. ఆవిడ తెలుగు చెబుతుంది, నేను లెక్కలు. ఇద్దరి కాపురాలూ పుంగనూరులోనే కాబట్టి రోజూ ఒకే బస్సు. దారి పొడవునా ఆవిడ పుస్తకాల గురించి చెప్పడం, నేను వెక్కిరించడం. ఆవిడ నవ్వి ఊరుకునేది.

మా బడిలో లైబ్రరీ లేదని అనడానికి లేదు. హెడ్మాస్టరు గదిలో ఒక బీరువా, దాని నిండా పుస్తకాలు ఉండేవి. ఒక్కటి తగ్గినా ఆయన జవాబు చెప్పుకోవాలి గనుక దాన్ని తెరవడమే మానేశారు. బంగారానికి కూడా అంత కాపలా ఉండదు. బీరువా తెరవమని అడిగి అడిగి విసిగిపోయిన ప్రసన్నలక్ష్మి, చివరికి మదనపల్లెలో సొంత డబ్బు పెట్టి చిన్న చిన్న కథల పుస్తకాలు కొనుక్కొచ్చి తొమ్మిదో తరగతికి పంచింది. ఒక్కొక్కరు ఒక పుస్తకం చదివి, దాని మీద రెండు పేజీలు రాయాలి. దానికి ఇరవై మార్కులు.

పిల్లలు ఏం రాస్తారు? సగం మంది ముందుమాటనే చూసి ఎక్కించేశారు. మిగతావాళ్లు రచయిత చక్కగా రాశారనీ, ఇందులో మంచి నీతి ఉందనీ, అందరూ తప్పక చదవాలనీ రాశారు. ఆవిడ ఎర్ర పెన్నుతో ఆరు, ఏడు మార్కులు వేసి, నీకేమనిపించిందో రాయమని ప్రతి కాగితం కిందా మొత్తుకుంది. పాపం, వాళ్లకు ఏదైనా అనిపిస్తుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. గైడులో ఏమనిపించి ఉంటే అదే వాళ్లకూ అనిపించేది.

అమరావతి ఒక్కటే వేరుగా రాసింది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. తండ్రి మునెయ్యకు నాలుగెకరాల చేను, బోరు, టమోటా పంట. మనిషి కష్టజీవే. కోపం వస్తే మాత్రం చేతిలో ఏముందో చూసుకోడు. భార్య బయ్యమ్మ బతుకు ఎలా ఉండేదో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ పైకి అనరు, అంతే.

ఆ పిల్ల చదివిన కథలో ఒక కోపిష్టి రైతు ఉంటాడు. భార్య ఎన్ని దెబ్బలైనా ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు చూసి అతను మంచివాడైపోతాడు. దాని మీద అమరావతి ఇలా రాసింది: “ఈ కథ నాకు నచ్చలేదు. మా అమ్మ కూడా ఓర్చుకుంటుంది. మా నాయన మారలేదు. మొన్న కూడా కొట్టినాడు. ఈ కథ రాసినాయన ఎప్పుడూ అట్లాంటి ఇంట్లో ఉండలేదని నాకనిపించింది.”

బస్సులో ఆ కాగితం నాకు చూపించినప్పుడు ప్రసన్నలక్ష్మి ముఖంలో వెలుగు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఇరవైకి పద్దెనిమిది వేసి, పక్కన “నిజం రాశావు తల్లీ” అని కూడా రాసింది. ఆ వాక్యం కోసమే ఇన్నాళ్లూ బతికినట్టు మాట్లాడింది.

ఆవిడ పెట్టుకున్న నియమం ఒకటుంది. మార్కులు వేసిన కాగితం మీద తండ్రి సంతకం చేయించుకురావాలి. పిల్లల తెలివి చూసి ఇంట్లోవాళ్లు సంతోషిస్తారని ఆవిడ నమ్మకం. సంతకం తప్ప అక్షరం రానివాళ్లు ఆ పల్లెల్లో ఏం చేస్తారో ఆవిడకు తట్టలేదు. మామూలు కాగితం కాదనిపిస్తే చాలు, చదివించుకోకుండా సంతకం చేయరు. అప్పు కాగితాలతో చేతులు కాల్చుకున్న జనం. మునెయ్య కూడా అమరావతి కాగితం తీసుకుని, చదువొచ్చిన బాలప్ప అంగడికి వెళ్లాడు. కూతురికి తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయట, గట్టిగా చదవమన్నాడు. బీడీలకని, బెల్లానికని వచ్చినవాళ్లు చుట్టూ ఉన్నారు. బాలప్ప మొదలుపెట్టాక మధ్యలో ఆపడం తెలియక చివరిదాకా చదివేశాడు. ఎర్ర సిరాతో రాసింది కూడా.

మర్నాటి నుంచి అమరావతి బడికి రాలేదు.

వారం చూసి ప్రసన్నలక్ష్మి వాళ్ల ఊరికి బయల్దేరింది. ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ వెళ్లాను. మునెయ్య కేకలేస్తాడనుకున్నాను. అతను కుర్చీలు వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది. కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

“అది సిన్నపిల్ల టీచరమ్మా. ఏందో రాసింది, నాలుగు తగిలిచ్చి ఊరుకుందును. మీరు మార్కులేసినారే. నిజమని రాసినారే. ఇంగ నేను ఊర్లో తల యెట్లా ఎత్తుకోవల్ల?”

పిల్ల చదువు పాడుచేయవద్దని ఆవిడ బతిమాలింది. తప్పంతా తనదేనంది. నేనూ ఏవో నాలుగు మాటలు చెప్పాను. అన్నీ విని, అయితే ఒక పని చేయమన్నాడు. ఆ పద్దెనిమిది కొట్టేసి సున్నా వేయాలి. నిజమని రాసిన చోట అబద్ధమని రాయాలి. బాలప్ప మళ్లీ అందరి ముందూ చదువుతాడు. రేపే పిల్లను బడికి పంపుతాడు.

ప్రసన్నలక్ష్మి పెన్ను తీయలేదు. అమరావతి తలుపు దగ్గర నిలబడి ఆవిడ చేతులే చూస్తోంది. అంతవరకూ కొంగుతో చెంప కప్పుకుని మూల కూర్చున్న బయ్యమ్మ లేచి దగ్గరికి వచ్చింది.

“రాయమ్మా. నా బతుకు అబద్ధమని రాస్తే నాకేం పోదు. బిడ్డ బడికొస్తాది.”

ఆవిడ రాసింది. ఎర్ర పెన్నుతోనే కొట్టేసి, సున్నా చుట్టి, అబద్ధమని రాసి, కింద సంతకం పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు మునెయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. అయినా, పిల్ల చదువు నిలబడింది కదా, దక్కిందే చాలని నాకు నేనే చెప్పుకున్నాను.

బాలప్ప చదివాడట. మునెయ్య తల ఎత్తుకుని తిరిగాడట. అమరావతి మాత్రం బడికి రాలేదు. మాట తప్పాడని ప్రసన్నలక్ష్మి మండిపడుతూ మళ్లీ వెళ్లింది. నేనూ వెంటే ఉన్నాను. అమరావతి చేను గట్టున కూర్చుని టమోటా పండ్లు, దోరకాయలు వేరుచేసి బాక్సులకు ఎత్తుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, ఎప్పటిలాగే వినయంగా.

“నాయన పొమ్మనే అంటాండాడు టీచర్. నేనే రానంటి. వొచ్చి ఏం రాయల్ల?”

ఆ పిల్ల, మేము వెళ్లేటట్టు లేమని చూసి, కూర్చుని మళ్లీ పనిలో పడింది. ఆ ఏడాదే పెళ్లి చేసేశారని తర్వాత విన్నాను.

రెండువేల ఏడులో నాకు కుప్పం బదిలీ అయింది. ప్రసన్నలక్ష్మి అప్పటికే అక్కడ పనిచేస్తోంది. జుట్టు బాగా నెరిసింది. అప్పటికి పుస్తకం చదివించి రాయించాలని పైనుంచే ఉత్తర్వులు వచ్చాయి. ఆవిడ బల్ల మీద కాగితాల కట్ట ఉంటే తిరగేశాను. కొన్ని ముందుమాటకు నకళ్లు. ఒకటి మాత్రం ఎవరో పిల్లవాడు ఏడుస్తూ రాసినట్టుంది. వాళ్ల అన్న గ్రానైటు క్వారీలో చనిపోయిన సంగతి రాశాడు, కథలో చావు అంత అందంగా ఎందుకుందని అడిగాడు. దానికీ పన్నెండే. అన్నిటికీ పన్నెండే. పక్కన ఒక్క ముక్కా లేదు.

ఇదేమిటని అడిగాను. ఆ పిల్లవాడి కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని, కట్ట మధ్యలో పెట్టేసింది.

“పన్నెండేస్తే ఇంట్లో ఎవరూ చదివించుకోరు సార్. సంతకం పెట్టి పంపించేస్తారు. పిల్లోడు రేపు బడికొస్తాడు.”